చరిత్రకు కొత్త కథానాయకుడు

కథల కార్యక్రమమునకు వచ్చు వ్రాతప్రతులను చదువుట నా ఉద్యోగ ధర్మములలో ఒకటి. సంవత్సరముల తరబడి చదివిన పిమ్మట నాకొక సంగతి తెలియవచ్చినది. ఊళ్ళు వేరైనను, పేర్లు వేరైనను, చాల కథలలో మలుపు మాత్రము ఒక్కటే. చిన్న ఊరు, అందులో ఇరుకైన ఇల్లు, ఆ ఇంటిలో ఒక మనిషి. లోకమంతయు అంతే యని అతడు నమ్మియుండును. ఒకనాడు ఎవరో ఒక మాట అందురు, లేదా ఒక పుస్తకము చేతికి వచ్చును, లేదా ఏటి అవతలి గట్టు కంటబడును. ఆనాటి నుండి ఆ ఇల్లు అతనికి చాలదు.

ఇక్కడ చాలమంది రచయితలు కథానాయకుని రైలెక్కించి పంపివేయుదురు. ఊరు వెనుకబడిపోవును, కథ ముగియును. కాని నా మట్టుకు అసలు ప్రశ్న అక్కడనే మొదలగుచున్నది. ఎదిగిన మనిషి తాను విడిచివచ్చిన ఇంటిని ఏమి చేయును? మరచునా? దానిని తలచుకొని సిగ్గుపడునా? లేక మరి నలుగురికి చోటు కలుగునట్లు దాని గోడలను వెనుకకు జరుపునా?

ఈ ప్రశ్నకు మా పాలమూరు సీమలో ఒక నిజజీవితము సమాధానము చెప్పుచున్నది. ఈ పూట శ్రోతలకు ఆ జీవితమును గూర్చియే మనవి చేయదలచినాను.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలను నడిగడ్డ యందురు. గద్వాల ఆ నేలకు ముఖ్యపట్టణము. కృష్ణను దాటి ఈశాన్యముగా పోయినచో వనపర్తి వచ్చును. ఇంకను ముందునకు పోయినచో నాగరకర్నూలు. 2016 అక్టోబరు 11న ఈ మూడును మూడు జిల్లాలకు కేంద్రములైనవి. అంతకు ముందు ఇవన్నియు మహబూబునగరు జిల్లాలోనివే. నిజాము ఏలుబడిలో ఈ సీమయందు గద్వాల, వనపర్తి, కొల్లాపురము, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానములుండినవి. సంస్థానాధీశులు పండితులను పిలిపించి సన్మానించెడివారు. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ యను ప్రసిద్ధియే కలదు. తిరుపతి వేంకటకవులంతటివారు ఈ ఆస్థానములకు వచ్చి తమ విద్యను ప్రదర్శించినవారే.

ఇంతటి సరస్వతీ పీఠములున్న సీమను ఇరుకని ఎట్లనవచ్చునని శ్రోతలడుగవచ్చును. ఆ గౌరవము నిజమైనదే. కాని అది కోటగుమ్మము లోపలిది. దర్బారులో శ్లోకమునకు శాలువ దొరకెడిది. కోట వెలుపల మగ్గము గుంటలో కూర్చున్నవాని మాటకు, కుమ్మరి సారె త్రిప్పువాని మాటకు, పొలములో కలుపు తీయుదాని మాటకు కాగితము మీద చోటు చాల తక్కువ. పైనున్న ప్రభుత్వ భాష ఉర్దూ. న్యాయస్థానము ఆ భాషలోనే, ఉన్నతవిద్యయు చాలవరకు ఆ భాషలోనే. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో సైతము బోధనాభాష ఉర్దూయే. ఇట్లు పైన సర్కారు భాషకు, కోటలోని పండిత భాషకు నడుమ సామాన్యుని తెలుగు నలిగినది. సామాన్యుడు తన కథలో సైతము తానొక పక్కపాత్రగా బ్రదికినాడు.

అటువంటి నడిగడ్డలో, బోరవెల్లి గ్రామమున, 1896 మే 28న సురవరము ప్రతాపరెడ్డి జన్మించినారు. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. తుంగభద్ర దాటినచో కర్నూలు. ఆనాడు కర్నూలు ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలోనిది. ఏటికి ఈ గట్టున ఒక రాజ్యము, ఆ గట్టున ఒక రాజ్యము. రెండు గట్ల మీదను మాట ఒక్కటే. రాజ్యముల సరిహద్దు వేరు, జనుల సరిహద్దు వేరు అను పాఠము ఆ పిల్లవానికి బడి కంటె ముందు ఏరే నేర్పియుండవచ్చునని నా ఊహ.

ఆయన చదువు కర్నూలులోను, హైదరాబాదులోను సాగి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. పట్టముతోను, తిరువనంతపురములో బి.ఎల్. పట్టముతోను ముగిసినది. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము, ఆంగ్లము వారికి స్వాధీనములైనవి. కొంతకాలము వకాలతు చేసినారు. సాధారణమైన కథ ఐనచో ఇక్కడ ఆగిపోవలెను. పల్లెటూరి పిల్లవాడు పట్టణములో వకీలైనాడు; చేతిలో ఆంగ్ల పట్టము, నోట దర్బారు ఉర్దూ. ఇంతకు మించి ఎవరు మాత్రము ఏమి కోరుదురు?

కాని అప్పుడే హైదరాబాదు నగరములో ఒక సంఘటన జరిగినది. 1921 నవంబరు 12న వివేకవర్ధిని నాటకశాలలో సంఘసంస్కార సభ జరుగుచుండెను. మహర్షి కార్వే అధ్యక్షులు. వక్తలు ఆంగ్లములోను, ఉర్దూలోను, మరాఠీలోను మాటలాడినారు. సభ శ్రద్ధగా విన్నది. పిమ్మట ఆలంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది లేచి తెలుగులో మాటలాడ నారంభించినారు. సభలో కొందరు గేలి చేసినారు, అల్లరి చేసినారు. రాజ్యములో అత్యధికులు మాటలాడు భాష రాజధానిలోని ఒక సభలో నవ్వులపాలైనది. అవమానము పొందినవారు ఆ రాత్రియే కూడి ఆంధ్ర జనసంఘమునకు అంకురార్పణ చేసినారు. కొన్ని ఎదుగుదలలకు బీజము ఇటువంటి నవ్వులలోనే ఉండును. నవ్విన వారు మరచిపోవుదురు. నవ్వులపాలైన వాడు మరువడు.

ఆ దశకములో ప్రతాపరెడ్డిగారి జీవితము కొత్త దారి పట్టినది. దారి చూపినవారు కూడ ఈ సీమవారే. వనపర్తి సంస్థానములోని రాయినిపేటలో జన్మించి, హైదరాబాదు నగరమునకు కొత్వాలు పదవి వరకు ఎదిగిన రాజబహదూరు వేంకటరామరెడ్డిగారు పల్లెల నుండి చదువునకై వచ్చు పిల్లల కొరకు 1918లో రెడ్డి హాస్టలును నెలకొల్పుటకు ముఖ్యకారకులు. ఆ హాస్టలు బాధ్యతను వారు ప్రతాపరెడ్డిగారికి అప్పగించినారు. వకాలతు విడిచి హాస్టలు పిల్లల మంచిచెడ్డలు చూచుకొనుట లోకము దృష్టిలో ఒక మెట్టు దిగుటయే. కాని ఆయన అక్కడ చక్కని గ్రంథాలయమును పెంపొందించినారు. అప్పుడప్పుడే ఊరు విడిచి, పట్టణములో నోరు విప్పుటకు జంకుచున్న పిల్లవానికి ఒక మంచము, ఒక దీపము, తన భాషలో ఒక పుస్తకము దొరకుట సామాన్యమైన ఉపకారము కాదు. తాను ఏరు దాటిన తరువాత పడవను గట్టుననే ఉంచి, వెనుకవారిని గూడ దాటించు పని అది.

అయితే హాస్టలు నాలుగు గోడల నడుమది, ఒక కులము పేరు మోయుచున్నది. మనిషి ఇంకను ఎదిగినచో ఆ గోడలు సైతము చాలవు. 1926 మే 10న గోలకొండ పత్రిక వెలువడినది. వారమునకు రెండు పర్యాయములు వచ్చెడిది. అంతకు నాలుగేండ్ల ముందు, 1922లో, నల్లగొండ నుండి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుండి తెనుగు పత్రిక పుట్టియుండినవి. రాజధాని నుండి గోలకొండ పత్రికను సుమారు రెండు దశాబ్దములు ప్రతాపరెడ్డిగారు నడిపినారు. సంపాదకీయము వారిదే, ప్రూఫులు దిద్దుటయు వారిదే. తగినంతమంది రచయితలు లేని లోటును తీర్చుటకు పలు మారుపేర్లతో తామే వ్రాసినారు. సభ జరుపుకొనుటకు సైతము అనుమతి కావలెనని ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తర్వు శాసించుచున్న రోజులవి. అట్టి కాలమున వారమునకు రెండుమార్లు తెలుగు అక్షరము ఊరి రచ్చబండను చేరుటయే ఒక సభ జరిగినట్లు.

1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగినది. అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారు. అచటనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ జరిగినది. తొమ్మిదేండ్ల క్రిందట ఏ భాష సభలో గేలి చేయబడినదో, ఆ భాషలోనే ఇప్పుడు సభ నడచినది.

ఇక్కడ మరియొక మాటను గూర్చి చెప్పవలెను. తెలంగాణమున తెలుగు కవులు పూజ్యమని, అనగా సున్న యని, ఆ రోజులలో ఒకరు వ్రాసినారు. గద్వాల కవుల నడుమ పుట్టినవానికి ఈ మాట ఎంత గ్రుచ్చుకొన్నదో ఊహించుకొనవచ్చును. కోపముతో ఒక వ్యాసము వ్రాసి ఊరకుండువారు చాలమంది. ప్రతాపరెడ్డిగారు కోపమును లెక్కగా మార్చినారు. కవులారా, మీ పద్యములను, మీ వివరములను పంపుడని పత్రిక ద్వారా పిలుపునిచ్చినారు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడినది. అందున్న కవుల సంఖ్య 354. వారిలో ప్రతి ఒక్కరును మహాకవియని ఎవ్వరు చెప్పరు, చెప్పవలసిన పనియు లేదు. సున్న యన్నవారికి మూడువందల ఏబదినాలుగు పేర్లు చదివి వినిపించుట కంటె మర్యాదయైన సమాధానము మరొకటి లేదు. ఆ పిలుపు లేకున్నచో ఆ పేర్లలో ఎన్నియో ఆయా ఊళ్ళ పొలిమేర దాటియుండెడివి కావు.

ఇంతవరకు కథ పత్రికా సంపాదకునిది, ప్రజానాయకునిది. 1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతమైనది. మరుసటి సంవత్సరము, 1949లో, ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడినది. నా దృష్టిలో ప్రతాపరెడ్డిగారి జీవితములోని అన్ని మలుపులును వచ్చి కలియు కూడలి ఈ గ్రంథము.

బడిలో మనము చదివిన చరిత్రకు కథానాయకుడు రాజు. ఎవరు ఎవరిని గెలిచినారు, ఎవరి తరువాత ఎవరు సింహాసన మెక్కినారు అనునదే కథ. ప్రతాపరెడ్డిగారు ఆ సింహాసనమును కొంచెము పక్కకు జరిపి, చాళుక్యుల కాలము నుండి ఇరువదవ శతాబ్ది ఆరంభము వరకు సామాన్యుడు ఏమి తిన్నాడు, ఏమి కట్టినాడు, ఏ ఆట ఆడినాడు, ఏ దేవతకు మ్రొక్కినాడు, సంతలో ఏ నాణెమిచ్చి ఏమి కొన్నాడు అని అడిగినారు. పక్కపాత్రగా ఉన్నవాడు కథానాయకుడైనాడు.

ఆ సామాన్యుని కొరకు శాసనములు ఎవరు వేయించిరి? ఎవ్వరును వేయించలేదు. అందుచేత ప్రతాపరెడ్డిగారు కావ్యములను గాలించినారు. ఉదాహరణకు క్రీడాభిరామమును చూడుడు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇద్దరు మిత్రులు ఒక దినమంతయు ఓరుగల్లు వీధులలో తిరుగుటయే ఆ గ్రంథములోని కథ. రసికులు దానిని శృంగారమునకై చదివినారు. చరిత్రకారుడు అందులోని పూటకూటి ఇంటికి పోయి, ఒక రూకకు ఏమేమి వడ్డించినారో చూచి వచ్చినాడు. వీధిలోని కోడిపందెము చూచినాడు, పొట్టేళ్ళ పోరు చూచినాడు. పాల్కురికి సోమనాథుని కృతులు, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి - ఇవన్నియు ఆయన చేతిలో సాక్షులైనవి. కవి వర్ణనకై వ్రాసిన పంక్తి చరిత్రకు ఆధారమైనది.

ఈ పనిలో ఒక చిక్కున్నది. పాతకావ్యములలోని ఆటల పేర్లు, వంటల పేర్లు, పనిముట్ల పేర్లు ఇప్పటివారికి తెలియవు. నిఘంటువు తెరచినచో ‘ఒక క్రీడావిశేషము’, ‘ఒక భక్ష్యవిశేషము’ అని యుండును. ఏ క్రీడ, ఏ భక్ష్యము అనునది పండితునికి తెలియదు, ఏలయన అతడు ఆ ఆట ఆడలేదు, ఆ తిండి తినలేదు. ఇక్కడ నడిగడ్డ పిల్లవాడు ముందునకు వచ్చినాడు. మద్రాసులోను తిరువనంతపురములోను సంపాదించిన విద్య ప్రశ్న అడుగుట నేర్పినది; సమాధానములు మాత్రము చాలచోట్ల పల్లెల నోటనే దొరకినవి. ఏ వాడుకను మోటు అని లోకము త్రోసివేసినదో, ఆ వాడుక ఏండ్ల నాటి కావ్యమునకు తాళపుచెవి యైనది.

ఇదే కాలమున పాశ్చాత్య దేశములలో సైతము చరిత్ర ఈ దారినే పట్టుచుండెను. 1929లో ఫ్రాన్సునందు మార్కు బ్లాకు, లూస్యెన్ ఫెవ్ర్ అను ఆచార్యులు ఒక పత్రికను స్థాపించి, రాజుల యుద్ధముల కంటె జనుల జీవనమునకు పెద్దపీట వేసినారు. ఇంగ్లండులో ట్రెవెల్యను వ్రాసిన సాంఘిక చరిత్ర 1940ల దశకములో బహుళ ప్రచారము పొందినది. వారికి విశ్వవిద్యాలయముల అండ యుండెను, చర్చిలలో తరతరముల జనన మరణముల పుస్తకములుండెను. మన చరిత్రకారుని చేత నున్నవి కావ్యములు, శాసనములు, బాటసారుల వ్రాతలు, తన పల్లె జ్ఞాపకము. పోల్చి చూచినచో ఆ శ్రమ విలువ తెలియును.

ఈ గ్రంథమునకు పరిమితులు లేకపోలేదు. కావ్యములు వ్రాసినవారు చదువుకొన్నవారు. వారు సామాన్యుని గోడమీదుగా తొంగిచూచినవారే. కాబట్టి కావ్యములో కనబడని జీవితము చరిత్రలోను పలుచగానే కనబడును. గ్రంథకర్త కొన్ని నిర్ణయములు తన కాలపు అభిప్రాయములే. తరువాతి పరిశోధకులు వానిని సవరించినారు, సవరించుచున్నారు. ఐనను ప్రశ్నను మార్చినవాని స్థానము సమాధానమును సవరించిన వానికి రాదు.

1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. ఏరు దాటి పోయిన మనిషి ప్రజల ప్రతినిధిగా మరల ఈ సీమకే చేరినారు. ఆ పదవిలో ఎక్కువకాలము లేరు. 1953 ఆగస్టు 25న పరమపదించినారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు ఇచ్చిన మొట్టమొదటి బహుమానము ఆంధ్రుల సాంఘిక చరిత్రకే లభించినది. అందుకొనుటకు గ్రంథకర్త లేరు. కావ్యమునకో నాటకమునకో కాక, సామాన్యుని కూడును గుడ్డను ఆటను పాటను గూర్చిన పుస్తకమునకు ఆ తొలి గౌరవము దక్కుట తెలుగువారికి శుభమని నేనెంతును.

ఆ దారిని నడచినవారు ఈ సీమలో తరువాతను కలరు. నాగరకర్నూలులో నివసించిన కపిలవాయి లింగమూర్తిగారు (1928–2018) పాలమూరు జిల్లా దేవాలయములను, స్థలములను, ఊళ్ళ పేర్లను ఓపికతో శోధించి గ్రంథములు వ్రాసినారు. దూరపు రాజధానుల చరిత్ర వలెనే తన గుడి, తన చెరువు, తన ఊరి పేరు కూడ చరిత్రయే యను విశ్వాసము వారిది.

ఇక నా సంగతి ఒకటి చెప్పుకొని ముగించెదను. నేనును ఈ పాలమూరు వైపు వాడనే. మా నాయనమ్మ మంచిచెడ్డ లెరిగి, ఉన్నదానితో ఇల్లు దిద్దుకొను మనిషిని ‘ఇగురం తెలిసినోళ్ళు’ అనెడిది. కొత్తగా ఉద్యోగములో చేరిన దినములలో నేను వ్రాసిన ఒక ప్రసంగములో ఆ మాట దొర్లినది. ఎవరైన నవ్వుదురేమోనని నేనే కొట్టివేసి ‘నేర్పు’ అని వ్రాసినాను. ఎవ్వరును కొట్టివేయుమని చెప్పలేదు. నేర్పునకు ఇగురమునకు ఎంతో భేదమున్నది. నేర్పు చేతిపనిది, ఇగురము బ్రదుకుది. వివేకవర్ధినిలో నవ్విన నవ్వు అన్ని ఏండ్ల తరువాత నా కలములో కూర్చుండి, నా చేతనే నా నాయనమ్మ మాటను కొట్టివేయించినది. పట్టణము చేరి నేను ఎదిగితిననుకొన్నాను. ఆనాడు నిజమునకు నేను మరి కొంచెము ఇరుకైనాను.

ఆంధ్రుల సాంఘిక చరిత్రను ఆ తరువాత శ్రద్ధగా చదివినప్పుడు ఈ సంగతి నాకు బోధపడినది. పరిమితమైన జీవితమును దాటుట యనగా పుట్టిన ఊరిని దాటుట యని కథలు మనలను భ్రమింపజేయును. ఊరు దాటుట సులభము; టిక్కెట్టు కొనినచో చాలును. ఊరిని గూర్చిన సిగ్గును దాటుట కష్టము. ప్రతాపరెడ్డిగారు రెండవదానిని దాటినారు. అందుచేతనే ఆయన ఎదిగినకొలది ఆయన వెంట హాస్టలు పిల్లలు, మూడువందల ఏబదినలుగురు కవులు, పేరులేని కోట్ల జనులు కూడ కథలోనికి రాగలిగినారు.

శ్రోతల ఇండ్లలో పెద్దవారుందురు. వారి నోట ఒక వంట పేరు, ఒక ఆట పేరు, నిఘంటువులో ‘విశేషము’ అని మాత్రమే వ్రాయబడిన ఒక మాట ఈనాటికిని ఉండియుండును. ఈ రాత్రి రేడియో కట్టివేసిన తరువాత ఆ మాటకు అర్థమేమని వారిని అడిగి ఒక కాగితము మీద వ్రాసియుంచుడు. ఎప్పుడో ఒక చరిత్రకారునికి అది తాళపుచెవి కావచ్చును. నేను మాత్రము ‘ఇగురము’ అను మాటను ఇక ఎన్నడును కొట్టివేయను.